బ్లాక్ మౌంటెన్ కాలేజీ: దస్త్రాలు ఏం చెబుతున్నాయి?

ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కళ మీద ఏ పుస్తకం తెరిచినా బ్లాక్ మౌంటెన్ కాలేజీ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. నార్త్ కరోలినా రాష్ట్రంలో, ఆష్‌విల్ పట్టణానికి దగ్గర్లోని కొండల మధ్య 1933లో మొదలై 1957లో మూతపడిన సంస్థ అది. ఆ ఇరవై నాలుగేళ్లలో అక్కడ చదివినవాళ్లు సుమారు 1,200 మంది. పట్టా పుచ్చుకున్నవాళ్లు అరవై మందికి లోపే. అయినా అక్కడి విద్యార్థుల్లో చిత్రకారులు రాబర్ట్ రాషెన్‌బర్గ్, సై ట్వాంబ్లీ, కెనెత్ నోలాండ్ ఉన్నారు. శిల్పి రూత్ అసావా, సినిమా దర్శకుడు ఆర్థర్ పెన్ ఉన్నారు. పాఠాలు చెప్పినవాళ్లలో యోసెఫ్ ఆల్బర్స్, ఆనీ ఆల్బర్స్, విలెమ్ డి కూనింగ్, సంగీతకర్త జాన్ కేజ్, నర్తకుడు మెర్స్ కన్నింగ్‌హామ్, గోపురాల రూపకర్త బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్, కవి చార్ల్స్ ఓల్సన్ ఉన్నారు.

ఇంత చిన్న చోటికి ఇంత పేరు ఎలా వచ్చిందని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది. మేధావులంతా ఒకచోట చేరారు, నియమాలు లేవు, స్వేచ్ఛ ఉంది, అందుకే అద్భుతాలు జరిగాయి అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పేర్ల పక్కన తేదీలు వేసి చూస్తే ఈ జవాబు నిలవదు. డి కూనింగ్ అక్కడ ఉన్నది 1948 వేసవి ఒక్కటే. చిత్రకారుడు జేకబ్ లారెన్స్ ఉన్నది 1946 వేసవి. ఫుల్లర్ రెండు వేసవులు. కేజ్ 1948లో ఏప్రిల్‌లో ఒకసారి, వేసవిలో ఒకసారి, మళ్లీ 1952, 1953 వేసవుల్లో వచ్చారు. కాలేజీ ఘనత చెప్పేటప్పుడు ఐన్‌స్టీన్ పేరు కూడా వాడుతుంటారు. ఆయన సలహా సంఘం సభ్యుల్లో ఒకరు, అంతే. ఇందుకు భిన్నంగా ఆల్బర్స్ దంపతులు పదహారేళ్లు అక్కడే కాపురం ఉన్నారు. ఈ తేడాను పట్టించుకోకుండా ఆ కాలేజీ ప్రభావాన్ని అంచనా వేయలేం. బ్లాక్ మౌంటెన్ ప్రభావంలో పెద్ద భాగం పేరుమోసిన సంఘటనల నుంచి రాలేదనీ, ఒకే ఉపాధ్యాయుడు ఏళ్ల తరబడి ఓపిగ్గా నడిపిన తరగతి నుంచి వచ్చిందనీ నా వాదన. దానికి ఉన్న ఆధారాలేమిటో, ఆ ఆధారాల బలమెంతో ఇక్కడ పరిశీలిస్తాను.

ఉద్యోగాలు పోయినవాళ్లు పెట్టిన కాలేజీ

జాన్ ఆండ్రూ రైస్ గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చెప్పే అధ్యాపకుడు. ఫ్లోరిడాలోని రోలిన్స్ కాలేజీలో పనిచేస్తూ, అధ్యక్షుడు హామిల్టన్ హోల్ట్‌తో పడక 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం విచారణ జరిపి ఆ తొలగింపును తప్పుపట్టింది. రైస్ వెంట మరికొందరు అధ్యాపకులు, విద్యార్థులు కూడా బయటికి వచ్చేశారు. వాళ్లలో థియొడోర్ డ్రయర్, ఫ్రెడరిక్ జార్జియా ముఖ్యులు. ఆర్థిక మాంద్యం దేశాన్ని కుదిపేస్తున్న ఆ ఏడాదే వీళ్లు సొంతంగా కాలేజీ తెరిచారు.

అది మొదట్నుంచీ కళాశాల, అంటే కళలు నేర్పే బడి, కాదన్న సంగతి మరిచిపోకూడదు. గణితం, భౌతికశాస్త్రం, సాహిత్యం, చరిత్ర అన్నీ చెప్పేవారు. చిత్రకారుల్ని తయారుచేయడం రైస్ ఉద్దేశం కానే కాదు. ఏ విద్యార్థి అయినా చేత్తో ఒక పని చేస్తున్నప్పుడు అడుగడుక్కీ ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తుంది. ఆ తేల్చుకునే శక్తి పెరగాలని ఆయన కళను చదువుకు నడిమధ్యన పెట్టారు. విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ భావాలకు ఇది దగ్గర. డ్యూయీ స్వయంగా వచ్చి కాలేజీని చూశారు కూడా.

నిర్వహణ పద్ధతి మరీ కొత్తది. పైన కూర్చుని శాసించే ధర్మకర్తల మండలి లేదు. కాలేజీ యాజమాన్యం అధ్యాపకులదే. వాళ్లు తమలోంచి ఎన్నుకున్న చిన్న సంఘం వ్యవహారాలు చూసేది. అందులో విద్యార్థుల ప్రతినిధికీ చోటుండేది. తప్పనిసరి కోర్సులు లేవు. మార్కులు విద్యార్థులకు చెప్పేవారు కారు. పట్టా కావాలంటే తానెప్పుడు సిద్ధమో విద్యార్థే చెప్పాలి. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ విషయంలో అతణ్ణి పరీక్షించేవాడు. పట్టాలు అంత తక్కువ కావడానికి ఇదొక కారణం. గుర్తింపు లేని కాలేజీ పట్టా కోసం ఆ పరీక్షకు కూర్చోవాలన్న తొందర చాలామందికి లేకపోయింది.

మొదటి ఎనిమిదేళ్లు అద్దె ఇల్లే. క్రైస్తవ యువజన సంఘం వైఎంసీఏ వారి భవనాలు అవి. వేసవిలో వాళ్ల సమావేశాలు జరిగేవి కాబట్టి ఏటా చదువుల సీజను అయిపోగానే కాలేజీ సామానంతా సర్దేసి అటక ఎక్కించవలసి వచ్చేది. 1937లో ఈడెన్ సరస్సు ఒడ్డున స్థలం కొన్నారు. అక్కడి భవనాలకు వాస్తుశిల్పులు వాల్టర్ గ్రోపియస్, మార్సెల్ బ్రాయర్ గీసిచ్చిన నమూనా ఖర్చుకు తట్టుకోలేక పక్కన పెట్టి, లారెన్స్ కోచర్ గీసిన తేలికపాటి నమూనా ఎంచుకున్నారు. విద్యార్థులూ అధ్యాపకులూ రాళ్లు మోసి, మేకులు కొట్టి దాన్ని కట్టుకున్నారు. విద్యార్థి ఒక్కొక్కరికీ చదువుకోవడానికి ఒక చిన్న గది ఉన్న పొడవాటి భవనం అది. 1941లో కాలేజీ అక్కడికి మారింది. పొలం పని, వంటింటి పని, బట్టల ఉతుకు కూడా అందరూ పంచుకున్నవే.

ఆల్బర్స్ తరగతి

1933లోనే నాజీల ఒత్తిడికి జర్మనీలో బౌహౌస్ అనే కళా విద్యాలయం మూతపడింది. అక్కడ పాఠాలు చెబుతున్న యోసెఫ్ ఆల్బర్స్‌కు పని పోయింది. ఆయన భార్య ఆనీ నేతలో నిపుణురాలు, యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. దేశంలో ఉండటమే ప్రమాదం. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో పనిచేస్తున్న ఫిలిప్ జాన్సన్ సిఫారసుతో ఆ ఏడాది నవంబరులో ఇద్దరూ అమెరికా చేరారు. యోసెఫ్‌కు అప్పటికి ఇంగ్లీషు దాదాపు రాదు.

ఆయన తరగతిలో ఏం జరిగేదో తెలుసుకోవడానికి మంచి ఆధారాలున్నాయి. విద్యార్థుల నోట్సులు ఉన్నాయి, వాళ్లు చేసిన అభ్యాసాలు ఉన్నాయి, ఫొటోలు ఉన్నాయి, 1963లో ఆయన అచ్చువేసిన రంగుల పుస్తకం ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ ఉంది. ఇవన్నీ ఒకదానికొకటి సరిపోతున్నాయి. చరిత్ర రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక అభ్యాసాన్ని దగ్గర్నుంచి చూద్దాం. బూడిద రంగు కాగితం నుంచి ఒకే కొలతతో రెండు చిన్న ముక్కలు కత్తిరించాలి. ఒకదాన్ని ముదురు రంగు కాగితం మధ్యలో, ఇంకోదాన్ని లేత రంగు కాగితం మధ్యలో పెట్టాలి. ముదురు దాని మీద ముక్క లేతబడి కనిపిస్తుంది, లేత దాని మీద ముక్క నల్లబడుతుంది. రెండూ ఒకే కాగితంలోంచి వచ్చాయని చేతులకు తెలుసు, కన్ను మాత్రం ఒప్పుకోదు. ఇది మొదటి మెట్టు. తర్వాత విద్యార్థి తనే వెతుక్కోవాలి: ఒక రంగును రెండుగా కనిపించేలా చేసే నేపథ్యాలు ఏవి? రెండు వేరు రంగులను ఒకటిగా భ్రమింపజేసేవి ఏవి? దీనికి పుస్తకంలో సూత్రం లేదు. వందల ముక్కలు మార్చి మార్చి చూడటమే. ఆల్బర్స్ రంగు డబ్బాలు వద్దని కాగితం వాడటానికీ కారణముంది. రంగు కలిపితే ప్రతిసారీ కాస్త తేడా వస్తుంది. కాగితం అలా కాదు, ఎన్ని ముక్కలు కోసినా అదే రంగు. పైగా పాత పత్రికలు, అచ్చాఫీసు చెత్త, రాలిన ఆకులు కూడా పనికొస్తాయి. డబ్బులేని కాలేజీకి ఇది ఎంత అనుకూలమో చెప్పనక్కర్లేదు.

గీత నేర్పే పద్ధతీ ఇలాంటిదే. తమ పేరును అద్దంలో కనిపించేట్టు తిరగేసి రాయమనేవారు. అలవాటుపడిన చెయ్యి ఆ అలవాటు తప్పితే, కన్ను చూడటం మొదలుపెడుతుందని ఆయన ఆలోచన. కాగితం మడతపెట్టి బరువు నిలిపే అభ్యాసాలు, ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంలా కనిపించేట్టు అమర్చే అభ్యాసాలు ఉండేవి. ‘మీ మనసులో ఉన్నది వెళ్లగక్కండి’ అని ఆయన ఎన్నడూ అనలేదు. బ్లాక్ మౌంటెన్ అంటే కట్టుబాట్లు లేని స్వేచ్ఛ అనుకునేవాళ్లు ఈ తరగతి దగ్గర ఆగి ఆలోచించాలి. కాలేజీలో అతి కఠినమైన క్రమశిక్షణ ఉన్నది ఇక్కడే. ఈ తరగతికి రమ్మని ఎవరినీ బలవంతపెట్టలేదు. అయినా జనం వచ్చారు.

ఆనీ ఆల్బర్స్ నేత తరగతి గురించి కళాచరిత్రలు చాలాకాలం చిన్నమాటతో సరిపెట్టాయి. అది అన్యాయం. విద్యార్థుల్ని ఆమె మొదట పెద్ద మగ్గం మీద కూర్చోబెట్టలేదు; నడుముకు కట్టుకుని నేసే పాతకాలపు మగ్గంతో మొదలుపెట్టించారు, పోగు బిగువు ఒంటికి తెలియాలని. 1935 నుంచి దంపతులిద్దరూ పదేపదే మెక్సికో వెళ్లి అక్కడి ప్రాచీన నేతల్నీ కట్టడాల్నీ చదివారు. 1940 ప్రాంతంలో ఆమె తన విద్యార్థి అలెగ్జాండర్ రీడ్‌తో కలిసి సింకు జల్లెడ, పేపర్ క్లిప్పులు, ఇనుప వాషర్లతో హారాలు చేశారు. 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె నేత పనికి ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. నేత కళాకారుల పనికి ఆ మ్యూజియం ఇచ్చిన మొదటి ఏకవ్యక్తి ప్రదర్శన అదే.

ఒక విద్యార్థిని సాక్ష్యం

ప్రభావం అనే మాట వాడటం తేలిక, చూపించడం కష్టం. చూపించగలిగిన ఉదాహరణల్లో నా దృష్టిలో రూత్ అసావాదే గట్టిది.

ఆమె 1926లో కాలిఫోర్నియాలో కూరగాయలు పండించే జపనీస్ కుటుంబంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న తన పౌరుల్నే నిర్బంధించినప్పుడు ఆమె కుటుంబాన్ని మొదట గుర్రప్పందాల మైదానంలోని కొట్టాల్లో, తర్వాత ఆర్కన్సా రాష్ట్రంలోని శిబిరంలో ఉంచారు. బయటికి వచ్చాక మిల్వాకీలో టీచరు శిక్షణకు చేరితే, జపనీస్ పిల్ల అన్న కారణంగా బడిలో పాఠం చెప్పి చూసే అవకాశం ఇవ్వలేదు. అది లేకుండా డిగ్రీ రాదు. 1946లో ఆమె బ్లాక్ మౌంటెన్ చేరారు, మూడేళ్లు ఉన్నారు.

అక్కడ ఆమెకు ఒప్పగించిన పనుల్లో ఒకటి బట్టల ఉతుకు. కాలేజీ దుప్పట్ల మీద వేయడానికి కాలేజీ పేరులోని మూడు పొడి అక్షరాల రబ్బరు ముద్ర ఉండేది. అసావా ఆ ముద్రను తీసుకుని గుడ్డ మీద, కాగితం మీద వరసగా, దగ్గరదగ్గరగా, తిప్పి తిప్పి కొట్టారు. అక్షరాలు అక్షరాలుగా మాయమై అలలు తేలాయి. ఒక రూపాన్ని మళ్లీ మళ్లీ వాడి, దాని మధ్య ఖాళీని కూడా రూపంగా చూడటం ఆల్బర్స్ తరగతి పాఠం. ముద్ర ఉతుకు గదిది. చదువూ చాకిరీ ఒకచోట కలిశాయని మాటల్లో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పనులు దానికి కంటికి కనిపించే రుజువు. 1947లో మెక్సికోలోని తొలుకా వెళ్లినప్పుడు గుడ్లు పెట్టుకునే తీగ బుట్టలు అల్లే పద్ధతి ఆమె అక్కడివాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఒకే తీగను ఉచ్చులుగా అల్లుకుంటూ పోయి, ఒక రూపంలోపల ఇంకో రూపం కనిపించేలా వేలాడదీసిన ఆమె శిల్పాలు అందులోంచి పుట్టినవి.

ఆ ప్రభావం అక్కడితో ఆగలేదు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఆమె మరికొందరు తల్లిదండ్రులతో కలిసి కళా శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత ఆ నగరంలో ప్రభుత్వ కళా పాఠశాల కోసం పోరాడారు. 2010 నుంచి ఆ బడికి ఆమె పేరే ఉంది. పేరున్న ఒక్క రాత్రి ప్రదర్శన ఏదైనా ఇంత స్పష్టమైన ప్రభావాన్ని చూపించగలదా?

రాషెన్‌బర్గ్ సాక్ష్యం వేరే రకం. 1948లో చేరిన ఆయనకు ఆల్బర్స్‌తో ఏమాత్రం పొసగలేదు. గురువుకు శిష్యుడి పని చిందరవందరగా తోచింది. అయినా తన జీవితంలో అతి ముఖ్యమైన గురువు ఆల్బర్సేనని రాషెన్‌బర్గ్ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. పొగడవలసిన అవసరం లేనివాడి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

వేసవులు, గోపురం, 1952 రాత్రి

1944 నుంచి కాలేజీ వేసవి శిబిరాలు మొదలుపెట్టింది. పేరున్నవాళ్లు వచ్చింది ఎక్కువగా వీటికే. 1948 వేసవిలో ఫుల్లర్ కిటికీ తెరలకు వాడే లోహపు పట్టీలతో గోళాకార గోపురం నిలబెట్టబోయారు. వర్షంలో అందరూ చూస్తుండగా అది లేవలేదు. విలెమ్ భార్య ఎలేన్ డి కూనింగ్ దానికి ‘పడుకున్న గోపురం’ అని పేరు పెట్టారు. మరుసటి వేసవి గట్టి పదార్థంతో కట్టింది నిలబడింది; మనుషులు దాని చట్రానికి వేలాడుతున్న ఫొటో ఉంది. ఇలాంటి గోపురం ప్రపంచంలో మొదటిసారి బ్లాక్ మౌంటెన్‌లోనే పుట్టిందని రాసేవాళ్లున్నారు. అది నిజం కాదు. జర్మనీలోని యేనాలో వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ 1920లలోనే నక్షత్రశాల కోసం ఈ తరహా చట్రం కట్టారు. అలాగే, బిగించిన తీగల మధ్య కడ్డీలు ఒకదాన్నొకటి తాకకుండా తేలే నిర్మాణాన్ని 1948–49లో మొదట చేసి చూపించింది విద్యార్థి కెనెత్ స్నెల్సన్. పేరు పెట్టి ప్రచారం చేసింది ఫుల్లర్. ఘనత ఎవరిదన్న తగవు ఇద్దరి మధ్యా దశాబ్దాలపాటు సాగింది.

ఇక 1952 వేసవిలో భోజనశాలలో జరిగిన ప్రదర్శన. కేజ్ దాన్ని రూపొందించారు. కన్నింగ్‌హామ్ నాట్యం చేశారు, డేవిడ్ ట్యూడర్ పియానో వాయించారు, ఓల్సన్, ఎం. సి. రిచర్డ్స్ కవితలు చదివారు, రాషెన్‌బర్గ్ తెల్లని చిత్రాలు పైన వేలాడాయి, కేజ్ ప్రసంగించారు. అన్నీ ఒకేసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా. తర్వాతి కాలపు ‘హ్యాపెనింగ్’ ప్రదర్శనలకు ఇదే తొలి మెట్టని కళాచరిత్ర చెబుతుంది.

దీనికి ఆధారం ఏమిటి? ఫొటో ఒక్కటి లేదు. హేజెల్ లార్సెన్ ఆర్చర్ వంటి సమర్థురాలైన ఫొటోగ్రాఫరు ఆ కాలేజీలోనే ఉండి కన్నింగ్‌హామ్ గాలిలోకి ఎగిరిన క్షణాలను పట్టిన మాట గుర్తుపెట్టుకుంటే, ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. మిగిలింది చూసినవాళ్ల జ్ఞాపకాలే. చరిత్రకారుడు మార్టిన్ డ్యూబర్‌మన్ 1972లో తెచ్చిన పుస్తకంలో వాటిని పక్కపక్కన పెట్టి అచ్చువేశారు; అవి కలవవు. కుర్చీల వరస గురించి ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన లేదు. కేజ్ ఏ విషయం మీద మాట్లాడారన్నదీ తలా ఒక రకంగా చెప్పారు. నాట్యం చేస్తుంటే కుక్క వెంటపడిందన్నది మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. డ్యూబర్‌మన్ ఆ పొంతన లేని సాక్ష్యాలను సర్దేసి ఒకే కథగా చేయలేదు, అలాగే ఉంచారు. ఆ నిజాయితీని తర్వాత రాసినవాళ్లు చాలామంది పాటించలేదు. ఒకరి జ్ఞాపకం నుంచి కుర్చీలు, ఇంకొకరి జ్ఞాపకం నుంచి నిచ్చెన తీసుకుని, ఎవ్వరూ చూడని ఒక ప్రదర్శనను పూర్తి వివరాలతో కట్టేశారు.

ఆ ప్రదర్శన జరగలేదని నేను అనడం లేదు. జరిగింది. చూసినవాళ్ల మీద ముద్ర వేసింది. ఒక వారసత్వానికంతా అదే మూలమని చెప్పడానికి మాత్రం ఈ ఆధారం చాలదు. ఇలాంటిదే ఇంకో వాదన ఉంది. 1951లో బ్లాక్ మౌంటెన్‌లో రాషెన్‌బర్గ్ వేసిన తెల్లని చిత్రాలను చూశాకే కేజ్ తన నిశ్శబ్ద సంగీత రచన చేశారని. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్‌లో ట్యూడర్ పియానో ముందు కూర్చుని మీటలు తాకకుండా ప్రదర్శించిన రచన అది. చిత్రాలే ముందని కేజ్ స్వయంగా రాశారు. కానీ ఆయనే 1948 ఆరంభంలో, బ్లాక్ మౌంటెన్‌లో అడుగుపెట్టక ముందే, వాసర్ కాలేజీ ప్రసంగంలో నిశ్శబ్దపు రచన చేయాలన్న కోరిక బయటపెట్టారు. చిత్రాలు ఆయనకు ధైర్యం ఇచ్చాయనవచ్చు, ఆలోచన ఇచ్చాయనలేం.

భారతదేశం వైపు ఒక దారి

తెలుగు పాఠకులకు ఇక్కడ ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 1948 ఏప్రిల్‌లో కేజ్ బ్లాక్ మౌంటెన్‌లో వాయించింది ‘సొనాటాస్ అండ్ ఇంటర్‌ల్యూడ్స్’. తీగల మధ్య మరలు, రబ్బరు ముక్కలు దూర్చిన పియానో కోసం రాసిన ఆ రచనలో భారతీయ రస సిద్ధాంతంలోని స్థాయీభావాలను పలికించడానికి ప్రయత్నించానని ఆయన చెప్పుకున్నారు. ఆ ఆలోచన ఆయనకు ఆనంద కుమారస్వామి పుస్తకాల నుంచి వచ్చింది. 1946లో న్యూయార్క్‌లో అహ్మదాబాద్ నుంచి వచ్చిన గీతా సారాభాయి దగ్గర భారతీయ సంగీతం గురించి నేర్చుకున్నారు కూడా. ఆ కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1917లో ప్రకటించినది మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. కేజ్ ఆ అనువాదం నుంచే రసాల గురించి తెలుసుకున్నారనడానికి వీల్లేదు. ఆయన ఎత్తిచూపినవి కుమారస్వామి ఇతర రచనలు. కాబట్టి దీన్ని సంబంధం అనకుండా చుట్టరికం అంటే సరిపోతుంది. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడిగా మాత్రమే మనం తలుచుకునే వ్యక్తి, భారతీయ కళాశాస్త్రాన్ని పశ్చిమానికి చేర్చిన చిన్న బృందంలో ఒకరన్నది మాత్రం నిస్సందేహం.

1949 వేసవిలో నటరాజ్ వశి, ప్రవీణ దంపతులు బ్లాక్ మౌంటెన్‌లో భారతీయ నృత్యం నేర్పారు. 1953 వేసవిలో అక్కడే రూపుదిద్దుకున్న కన్నింగ్‌హామ్ నాట్య బృందం 1964 ప్రపంచ పర్యటనలో భారతదేశానికీ వచ్చింది. కేజ్, రాషెన్‌బర్గ్ అప్పుడు దాని వెంటే ఉన్నారు. 1975లో రాషెన్‌బర్గ్ మళ్లీ అహ్మదాబాద్ వచ్చి అక్కడి కాగితం, గుడ్డలతో పనిచేశారు.

తలుపు ఎంత తెరిచారు

జాతి వివక్ష చట్టబద్ధంగా అమలవుతున్న రాష్ట్రం అది. 1944 వేసవి సంగీత శిబిరానికి ఆల్మా స్టోన్ విలియమ్స్ అనే నల్లజాతి విద్యార్థిని వచ్చారు. బడుల్లో వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 1954లో. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలలోకి నల్లజాతి విద్యార్థులు కోర్టు ఆదేశంతో అడుగుపెట్టింది 1951లో. ఆ లెక్కన బ్లాక్ మౌంటెన్ ముందుంది. అయితే ఆ నిర్ణయం ఏకగ్రీవంగా రాలేదు. చుట్టుపక్కలవాళ్లు దాడి చేస్తారేమోనన్న భయంతో అధ్యాపకులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. మొదట వేసవికి మాత్రమే ఒప్పుకున్నారు. తర్వాత కూడా నల్లజాతి విద్యార్థుల సంఖ్య తక్కువగానే ఉండిపోయింది. 1946లో పాఠాలు చెప్పడానికి వచ్చిన జేకబ్ లారెన్స్, ఆయన భార్య గ్వెండొలిన్ నైట్ ఆ వేసవంతా కాలేజీ ఆవరణ దాటి ఆష్‌విల్ ఊళ్లోకి వెళ్లలేదు. లోపలి స్వేచ్ఛ గేటు దగ్గర ఆగిపోయింది.

మూత

1940లో రైస్ వెళ్లిపోయారు. 1944లో అధ్యాపకుడు ఎరిక్ బెంట్లీతో పాటు కొందరు వెళ్లిపోయారు. 1949లో డబ్బు గురించీ, కాలేజీ దారి గురించీ గొడవ ముదిరి డ్రయర్‌ను పంపేస్తే, ఆయనకు తోడుగా ఆల్బర్స్ దంపతులూ రాజీనామా చేశారు. ప్రతిసారీ కాలేజీ కొంత మనిషి బలాన్నీ కొంత డబ్బు దారినీ కోల్పోయింది. యుద్ధం నుంచి వచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వం భరించిన కాలంలో కాస్త ఊపిరి పీల్చుకుంది కానీ ఆ అల తగ్గగానే ఫీజులు పడిపోయాయి. నిధి లేదు, ధర్మకర్తలు లేరు, పూర్వ విద్యార్థుల్లో డబ్బున్నవాళ్లు కొద్దిమంది. తలకెక్కి కూర్చునే యజమాని లేకపోవడం ఎంత స్వేచ్ఛ ఇచ్చిందో, కష్టకాలంలో ఆదుకునే యజమాని లేకపోవడం అంత దెబ్బ తీసింది.

చివరి ఏళ్లు ఓల్సన్‌వి. అప్పుడు చిత్రకళ కంటే కవిత్వం ముందుకొచ్చింది. రాబర్ట్ క్రీలీ సంపాదకత్వంలో 1954 నుంచి 1957 దాకా ‘బ్లాక్ మౌంటెన్ రివ్యూ’ పత్రిక వచ్చింది. దాని మూలంగా అమెరికన్ కవిత్వంలో ఒక వర్గానికే ఆ పేరు పడింది. విద్యార్థుల సంఖ్య పది, ఇరవైలకు దిగింది. సరస్సు ఒడ్డున ఉన్న స్థలం అమ్ముడుపోయి అబ్బాయిల వేసవి క్యాంపుగా మారింది. మిగతాది అప్పుల కింద పోయింది. 1957లో కాలేజీ మూసేశారు. అక్కడ పాఠాలు చెప్పిన గణితవేత్త మాక్స్ డేన్, 1900లోనే హిల్బర్ట్ మూడో సమస్యను పరిష్కరించిన మనిషి, 1952లో అక్కడే చనిపోయారు. ఆయన సమాధి ఆ అడవిలోనే ఉంది.

ఈ కాలేజీ గురించి చదవాలనుకునే తెలుగు కళా విద్యార్థులకు ఒక మాట. 1952 రాత్రితో మొదలుపెట్టకండి. మేరీ ఎమ్మా హ్యారిస్ 1987లో వెలువరించిన కళల చరిత్ర, డ్యూబర్‌మన్ పుస్తకం ముందు చదవండి. రంగుకాగితాలు, కత్తెర తీసుకుని ఆల్బర్స్ అభ్యాసాలు చేసి చూడండి. కాలేజీ దస్త్రాలు ఆష్‌విల్‌లోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో, అసావా కాగితాలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.